తునికాకు దారిలో కార్మిక చట్టం

(మహారాష్ట్రలోని గడ్చిరోలి జిల్లా సిరొంచలో తునికాకు, బీడీ, అంగన్‌వాడీ పనుల్లో ఉన్న స్త్రీలు, కళాశాల విద్యార్థులు పాల్గొన్న సభలో చేసిన ప్రసంగ పాఠం)

అమ్మలకు, అక్కచెల్లెళ్లకు, విద్యార్థి మిత్రులకు నమస్కారం.

కార్మిక చట్టాలను స్త్రీల వైపు నుంచి చూస్తే ఎలా కనిపిస్తాయో చెప్పమని నన్ను పిలిచారు. ఇలాంటి సభల్లో చట్టాల పేర్లు వరుసగా చదివి, ఒక్కొక్కటి ఏ హక్కు ఇచ్చిందో వివరించడం రివాజు. ఈరోజు నేను ఆ వరుసను పక్కన పెట్టి ఒక ఆకు వెంట నడుస్తాను. ఎండలు ముదిరే రోజుల్లో ఈ గడ్చిరోలి అడవుల్లో మీరు కోసే తునికాకు ప్రాణహిత, గోదావరి దాటి జగిత్యాల, సిరిసిల్ల, నిజామాబాద్ వైపు వెళ్లి, అక్కడి ఆడవాళ్ల ఒడిలోని చేటలో బీడీ అవుతుంది. కోసేవాళ్లలోనూ చుట్టేవాళ్లలోనూ ఎక్కువమంది ఆడవాళ్లే. అడవిలో ఆమెను చట్టం ఒక రకంగా చూస్తుంది, ఇంట్లో ఇంకో రకంగా చూస్తుంది, కార్ఖానా గేటు దగ్గర మరో రకంగా చూస్తుంది. ఆకు ఒకటే, శ్రమ ఒకటే, ఆడమనిషి ఒకతే అయినప్పుడు చట్టం చూపు ఇన్ని రకాలుగా ఎందుకు మారుతోంది?

నాకు తోచిన జవాబు ముందే చెబుతాను. మన కార్మిక చట్టాలు పని చేసే మనిషిని చూసి రాసినవి కావు. పని జరిగే చోటును చూసి రాసినవి. గేటు, హాజరు పట్టీ, వేళకు కూత వేసే సైరన్, పేరు తెలిసిన యజమాని ఉంటేనే చట్టానికి పని కనిపిస్తుంది. ఆ గేటు లోపలికి వచ్చే మనిషికి ఇంట్లో ఎవరో వండిపెట్టి, బట్టలు ఉతికి, పిల్లల్ని చూసుకుంటున్నారని చట్టం మౌనంగా అనుకుంటుంది. అంటే చట్టం ఊహించిన కార్మికుడు మగవాడు. స్త్రీ ఆ ఊహలో ఇమడనప్పుడల్లా చట్టం చేసినవి రెండే పనులు: ఆమెను కాపాడతానంటూ పనికి దూరం చేయడం, లేదా ఆమె చేసేది పనే కాదనడం.

ముందు అడవి సంగతి చూద్దాం. తెల్లవారక ముందే బయలుదేరి, ఎండ ఎక్కేలోగా ఆకు కోసి, ఇంటికి మోసుకొచ్చి, మధ్యాహ్నమంతా పిల్లలతో సహా కూర్చుని లెక్కపెట్టి కట్టలు కట్టి, సాయంత్రం ఆకు కొనే కల్లానికి చేర్చడం మీలో చాలామంది ఏటా చేసే పని. మహారాష్ట్రలో కట్టకు 70 ఆకులు, వెయ్యి కట్టలకు ఒక ప్రామాణిక సంచి. కల్లంలో కాంట్రాక్టరు గుమాస్తా అయిన మున్షీ కట్టను చేతిలో తిప్పి చూసి, ఆకు చిన్నదనో మచ్చ ఉందనో పక్కన పడేస్తాడు; వందకు పైన కొసరు కట్టలు అడిగే అలవాటు చాలా కల్లాల్లో ఉంది. ఇంత జరిగినా చట్టం దృష్టిలో అక్కడ కూలీ లేదు. మీరు ఆకు అమ్మేవాళ్లు, కాంట్రాక్టరు కొనేవాడు. మీకు ముట్టేది కూలి కాదు, సరుకు ధర. ధరకు కనీస వేతన చట్టం వర్తించదు. ప్రసూతి సెలవు ఉండదు. పని గంటలు ఉండవు.

దీని పర్యవసానం ఎంత దూరం పోతుందో చూడండి. చంద్రపూర్, గడ్చిరోలి అడవుల్లో ఆకుకో ఇప్పపువ్వుకో వెళ్లిన స్త్రీల మీద పులులు, ఎలుగులు దాడి చేసిన వార్తలు మనకు కొత్త కాదు. గనిలో ప్రమాదం జరిగితే, మిల్లులో చెయ్యి నలిగితే 2025 దాకా 1923 నాటి కార్మికుల పరిహార చట్టం ఉండేది, ఇప్పుడు దాని స్థానంలో సామాజిక భద్రత కోడ్ అనే కొత్త చట్టం ఉంది. జీతాన్ని, వయసును లెక్కగట్టి యజమాని చెల్లించాలి. అడవిలో ఆకు కోస్తూ చనిపోయిన స్త్రీ కుటుంబానికి వచ్చేది వన్యప్రాణి దాడి కింద అటవీ శాఖ ఇచ్చే సాయం. ఆ సాయం అవసరమే, దాన్ని నేను తక్కువ చేయడం లేదు. కానీ ఆ కాగితంలో ఆమె అడవిలోకి వెళ్లి దెబ్బతిన్న మనిషే తప్ప, పనిలో ప్రాణం పోయిన మనిషి కాదు. ఆమె కోసిన ఆకు మీద లాభం చేసుకునే వ్యాపారికి ఆ చావుతో ఏ సంబంధమూ లేకుండా పోతుంది.

2006 అటవీ హక్కుల చట్టం ఈ కథను కొంత మార్చింది. తునికాకును చిన్న తరహా అటవీ ఉత్పత్తిగా పేర్కొని, దాని మీద యాజమాన్య హక్కును సేకరించేవాళ్లకే ఇచ్చింది. మన జిల్లాలోనే మేంఢా-లేఖా గ్రామం 2009లో సామూహిక అటవీ హక్కులు సాధించి దేశానికి దారి చూపింది; ఆ తర్వాత ఈ జిల్లాలో ఎన్నో గ్రామసభలు తమ ఆకును తామే వేలం వేసుకుంటున్నాయి. ఇది చిన్న విజయం కాదు. అయితే గ్రామసభ వ్యాపారి స్థానంలోకి వచ్చినప్పుడు, ఆకు కోసిన స్త్రీ ఎదుట ఇప్పుడు నిలబడేది తన ఊరే, తన ఇంటి మగవాళ్లే. ఖాతా పుస్తకంలో కుటుంబానికి ఒక పేరు రాస్తే, ఆ పేరు చాలాసార్లు భర్తదో మామదో అవుతుంది. తెల్లవారుజామున అడవికి వెళ్లింది ఆమె. డబ్బు జమ అయ్యేది ఆయన ఖాతాలో. ఇదే చట్టం 4వ సెక్షన్‌లో భూమి పట్టా భార్యాభర్తలిద్దరి పేర్ల మీదా ఉమ్మడిగా ఉండాలని చెప్పింది. అటవీ హక్కుల కమిటీలో మూడింట ఒక వంతుకు తగ్గకుండా స్త్రీలు ఉండాలని నియమాలు చెప్పాయి. భూమికి అంగీకరించిన సూత్రాన్ని ఆకు లెక్కకు వర్తింపజేయడానికి కొత్త చట్టం అక్కర్లేదు. గ్రామసభ తీర్మానం చాలు.

ఇప్పుడు నది దాటుదాం. బీడీల చరిత్ర మన న్యాయస్థానాలకు స్త్రీ శ్రమ ఎంత కష్టంగా అర్థమైందో చెప్పే పాఠం. ఫ్యాక్టరీల చట్టం 1948లో వచ్చింది. దాని కింద బాధ్యతలు తప్పించుకోవడానికి బీడీ యజమానులు కార్ఖానాల్లో చుట్టించడం తగ్గించి, దళారుల ద్వారా ఇళ్లకు ఆకు, తంబాకు పంపే పద్ధతిని పెంచారు. కార్ఖానా విడిపోయి వేల ఇళ్లలోకి చెదిరిపోయింది. 1958లో చింతామణ్ రావు కేసులో సుప్రీంకోర్టు ఈ దళారులు, వాళ్ల కింద చుట్టేవాళ్లు ఫ్యాక్టరీల చట్టం ప్రకారం కార్మికులు కారని చెప్పింది. 1960ల తొలి ఏళ్లలో ఒక కేసులో కార్ఖానాలో కూర్చుని చుట్టేవాళ్లు కార్మికులేనని, మరో కేసులో కారని తీర్పులు వచ్చాయి. కారన్న తీర్పుకు ప్రధాన కారణం ఒకటుంది: చుట్టే మనిషి తనకు వీలైనప్పుడు వచ్చి వీలైనప్పుడు వెళ్లవచ్చు, ఇన్ని గంటలు చేయాలన్న నిర్బంధం లేదు, కాబట్టి అతని మీద యజమానికి అదుపు లేదు.

ఈ తర్కాన్ని ఒక బీడీ కార్మికురాలి ఇంట్లో నిలబెట్టి చూడండి. ఆమె పొయ్యి మీద అన్నం పెట్టి పది బీడీలు చుడుతుంది, పిల్ల ఏడిస్తే లేస్తుంది, నీళ్లు పట్టుకొచ్చి మళ్లీ చేట ముందేసుకుంటుంది, అందరూ పడుకున్నాక మిగిలిన ఆకు పూర్తి చేస్తుంది. ఇంటిపని మోస్తున్నందువల్ల ముక్కలైన ఆ దినాన్ని కోర్టులు స్వేచ్ఛ అనుకున్నాయి. వేళ నిర్ణయించేది యజమాని సైరన్ కాకపోవచ్చు. మర్నాడు పొద్దున కార్ఖానాలో అప్పజెప్పాల్సిన వెయ్యి బీడీల లెక్కే ఆమె వేళను నిర్ణయిస్తుంది. స్త్రీవాద న్యాయ ఆలోచన మనకిచ్చిన గొప్ప పనిముట్టు ఈ ప్రశ్నే: అదుపు ఎక్కడుందని వెతుకుతున్నారు, ఎవరి రోజును కొలబద్దగా పెట్టుకుని వెతుకుతున్నారు?

1966లో బీడీ, చుట్ట కార్మికుల చట్టం వచ్చి, ఇంట్లో చుట్టేవాళ్లను కూడా ఉద్యోగులుగా చేర్చింది. యజమానులు దాన్ని సవాలు చేశారు. 1974లో మంగళూరు గణేశ్ బీడీ వర్క్స్ కేసులో సుప్రీంకోర్టు ఆ చట్టాన్ని నిలబెట్టింది. 1985లో పి.ఎం. పటేల్ అండ్ సన్స్ కేసులో భవిష్య నిధి (పీఎఫ్) కూడా ఇంట్లో చుట్టేవాళ్లకు వర్తిస్తుందని చెప్పింది. ఆ తీర్పులో నాకు చాలా ముఖ్యమనిపించే మలుపు ఒకటుంది. ఇంట్లో కూర్చున్న మనిషి మీద యజమానికి అదుపు ఉందనడానికి రుజువేమిటని అడిగితే, బీడీలు బాగాలేవని తిప్పికొట్టే అధికారమే రుజువని కోర్టు చెప్పింది. తిరస్కరించే హక్కున్నవాడు అజమాయిషీ చేస్తున్నట్టే. బీడీలు చుట్టే అక్కలకు ఆ తిరస్కారం అంటే ఏమిటో బాగా తెలుసు. వెయ్యికి కొన్ని పక్కన పడేస్తారు, వాటికి కూలి కట్టరు, చాలాసార్లు ఆ బీడీలు తిరిగి ఇవ్వరు కూడా. ఏ చేయి ఆమె కూలిని కోసిందో ఆ చేయే ఆమె ఉద్యోగి అని సాక్ష్యం చెప్పింది. మీ కల్లంలో మున్షీ కట్టను పక్కన పడేసే చేయి అలాంటిది కాదా? ఈ ప్రశ్నను తునికాకు కోసేవాళ్ల తరఫున ఏదైనా న్యాయస్థానంలో గట్టిగా వాదించి తీరాలని నా అభిప్రాయం. న్యాయశాస్త్రం చదవబోయే విద్యార్థులు ఇక్కడ ఉన్నారు కాబట్టి చెబుతున్నాను.

ఆ 1966 చట్టంలోనే ఒక వింత ఉండేది. 25వ సెక్షన్ ప్రకారం ఉదయం 6 గంటల నుంచి సాయంత్రం 7 గంటల లోపు తప్ప స్త్రీ చేత పారిశ్రామిక ఆవరణలో పని చేయించకూడదన్నారు. పారిశ్రామిక ఆవరణ నిర్వచనంలోకి నివాస గృహం వచ్చేది కాదు. అంటే కార్ఖానాలో రాత్రి 8కి చుట్టించడం నేరమయ్యేది, అదే స్త్రీ ఇంట్లో అర్ధరాత్రి 12కి చుట్టడం ఎవరికీ పట్టని విషయం. అయినా ఆ చట్టంతో మేలు జరగలేదనను. ఇంట్లో చుట్టేవాళ్లకూ ప్రసూతి ప్రయోజనాల చట్టాన్ని అది వర్తింపజేసింది, 1976లో వచ్చిన సంక్షేమ నిధి వల్ల కార్డున్న కుటుంబాల పిల్లలకు స్కాలర్‌షిప్పులు, వైద్య సాయం అందాయి. ఆ నిధికి ఆధారమైన సెస్సు 2017లో జీఎస్టీతో పోయింది. 2025 నవంబర్ 21 నుంచి, పాత కార్మిక చట్టాలను కలిపి రాసిన నాలుగు కార్మిక కోడ్‌లు అమల్లోకి వచ్చాక 1966 చట్టం వృత్తి భద్రత కోడ్‌లో కలిసిపోయి, ఒక పరిశ్రమ కోసం ప్రత్యేకంగా రాసిన ఏర్పాట్లు కొద్దిపాటి సెక్షన్లకు కుదించుకుపోయాయి. దశాబ్దాల పాటు కోర్టుల చుట్టూ తిరిగి బీడీ స్త్రీలు తెచ్చుకున్న గుర్తింపు ఇంత తేలిగ్గా పలచబడడం నన్ను బాధిస్తోంది.

ఇక రక్షణ పేరుతో జరిగిన దూరం చేయడం గురించి చెప్పాలి, ఎందుకంటే అది మన పక్క జిల్లా నేల కింద జరిగింది. 1891 ఫ్యాక్టరీల చట్టంతోనే స్త్రీల పనిని రోజుకు 11 గంటలకు పరిమితం చేశారు, రాత్రి పనిని నియంత్రించారు. 1948 చట్టం కూడా అదే దారిలో నడిచింది. దాని 27వ సెక్షన్ పత్తి ప్రెస్సుల్లో దూది విప్పే యంత్రం తిరిగే భాగంలో స్త్రీలను, పిల్లలను పనికి పెట్టకూడదంది. ప్రమాదకరమైన యంత్రానికి కంచె వేయించడం కంటే స్త్రీని బయటికి పంపడం సులువని చట్టం భావించింది. స్త్రీని, పిల్లవాణ్ణి ఒకే వాక్యంలో కలిపి రాయడం ఆ చట్టాల అలవాటు. పెరిగిన ఆడమనిషికి తన ఒంటి సంగతి తాను నిర్ణయించుకునే తెలివి ఉందని ఆ వాక్యం ఒప్పుకోదు.

బొగ్గు గనుల చరిత్ర మరీ చెప్పుకోదగ్గది. ఈ దేశంలో ఒకప్పుడు కుటుంబాలు కుటుంబాలే గనిలోకి దిగేవి: మగవాడు తవ్వితే ఆడమనిషి తట్టకెత్తి మోసేది. 1929లో మొదలైన నిబంధనలతో 1937 నాటికి స్త్రీలను భూగర్భం నుంచి పూర్తిగా తప్పించారు. కుటుంబ ఆదాయం పడిపోయింది. పోయిన కూలికి బదులు ఎవరూ ఏమీ ఇవ్వలేదు. రెండో ప్రపంచ యుద్ధంలో బొగ్గు అవసరం పెరిగేసరికి 1943లో అదే నిషేధం ఎత్తేశారు. అప్పుడు వైస్రాయ్ మండలిలో కార్మిక శాఖ చూస్తున్నది డాక్టర్ అంబేడ్కర్. 1944లో కేంద్ర శాసనసభలో ఈ నిర్ణయాన్ని సమర్థించుకోవాల్సి వచ్చినప్పుడు, గనిలో స్త్రీకి మగవాడితో సమానమైన కూలి ఇచ్చే సూత్రాన్ని నెలకొల్పామని ఆయన ప్రత్యేకంగా చెప్పారు. 1946లో నిషేధం తిరిగి వచ్చింది, 1952 గనుల చట్టం 46వ సెక్షన్ దాన్ని స్థిరపరిచింది. దేశానికి బొగ్గు కావాల్సినప్పుడు స్త్రీ ఒంటికి ముప్పు లేదు, అవసరం తీరాక మళ్లీ ముప్పు వచ్చింది. ఇది రక్షణే అయితే ఎవరి అవసరాన్ని బట్టి మారింది?

బల్లార్‌పూర్, రాజురా, వణి ప్రాంతాల గనుల్లో పని కోసం తెలుగు కుటుంబాలు తరతరాలుగా వస్తూనే ఉన్నాయి. రాజురా ఒకప్పుడు హైదరాబాద్ రాష్ట్రంలో ఆదిలాబాద్ జిల్లాలో భాగమే కదా. 1973లో బొగ్గు గనులు జాతీయమయ్యాక జీతాలు, క్వార్టర్లు, ఆసుపత్రులు వచ్చాయి. యంత్రాలు కూడా వచ్చాయి, ఉపరితలంలో బొగ్గు ఎత్తే స్త్రీల పనులు తరిగిపోయాయి. కోల్ ఇండియా సంస్థల్లో స్త్రీ స్వచ్ఛందంగా పదవి వదులుకుంటే ఆమె కొడుకుకు ఉద్యోగం ఇచ్చే పథకాలు నడిచాయి. తల్లి ఉద్యోగం ఇంట్లోని మగపిల్లవాడి సొత్తుగా మారిపోయింది. ఆ ఇంట్లో కూతురు ఉంటే ఆమె లెక్కలోకి రాలేదు. 2019లో కేంద్ర ప్రభుత్వం స్త్రీలు లిఖితపూర్వకంగా ఒప్పుకుంటే భూగర్భంలో సాంకేతిక, పర్యవేక్షణ, నిర్వహణ పనులు చేయవచ్చని అనుమతించింది. ఇంజనీరింగ్ చదివిన అమ్మాయిలకు అది తెరిచిన తలుపు, దాన్ని స్వాగతిస్తాను. తట్ట మోసిన స్త్రీల మనవరాళ్లలో ఎంతమంది ఆ తలుపు దాకా చేరగలరన్నది వేరే ప్రశ్న, దానికి జవాబు గనిలో కంటే బడిలో ఉంది.

రాత్రి పని నిషేధాన్ని 2000లో మద్రాస్ హైకోర్టు వసంత కేసులో, 2002లో ఆంధ్రప్రదేశ్ హైకోర్టు త్రివేణి కేసులో కొట్టేశాయి. ఇప్పుడు కొత్త వృత్తి భద్రత కోడ్ 43వ సెక్షన్ స్త్రీలు అన్ని సంస్థల్లో అన్ని పనులూ చేయవచ్చని, ఆమె సమ్మతితో రాత్రి వేళల్లోనూ చేయవచ్చని చెబుతోంది. స్త్రీవాదుల్లో ఈ విషయంపై పాత చర్చ ఉంది. కొందరు సమానత్వం కావాలంటే నిషేధాలన్నీ పోవాలంటారు. మరికొందరు నిషేధం పోతే యజమాని దోపిడీకి రాత్రి కూడా దొరుకుతుందని భయపడతారు. నేను ఇద్దరినీ ఒకటే అడుగుతాను: ఆ నిబంధన ఖర్చు ఎవరు భరిస్తున్నారు? నిషేధం ఉన్నప్పుడు పని పోగొట్టుకుని స్త్రీ భరించింది. నిషేధం పోయినప్పుడు బస్సు లేని రోడ్డు మీద, దీపం లేని గేటు దగ్గర నిలబడి మళ్లీ స్త్రీయే భరిస్తే, చట్టంలో రాసిన సమ్మతి అనే మాటకు అర్థం ఉండదు. మరో పని దొరకని చోట కాగితం మీద పెట్టిన సంతకం ఆమె ఇష్టాన్ని చెప్పదు. రవాణా, మరుగుదొడ్డి, తోటి స్త్రీల సంఖ్య యజమాని బాధ్యతగా అమలైతేనే ఆ సెక్షన్ హక్కు అవుతుంది.

ప్రసూతి విషయంలోనూ ఖర్చు ఎవరిదన్నదే అసలు తగాదా. 1928లో బొంబాయి శాసన మండలిలో ప్రసూతి ప్రయోజనాల బిల్లును సమర్థిస్తూ అంబేడ్కర్, తల్లికి విశ్రాంతి దేశ ప్రయోజనమని, ఆ భారాన్ని ప్రభుత్వం ఎక్కువగా మోయాలని వాదించారు. మరుసటి ఏడాది ఆ చట్టం వచ్చింది. 1961 చట్టం ఇచ్చిన సెలవును 2017 సవరణ 26 వారాలకు పెంచింది, కానీ ఈఎస్ఐ (కార్మికుల బీమా) లేని చోట మొత్తం ఖర్చు యజమాని మీదే పెట్టింది. దాంతో పెళ్లీడు ఆడపిల్లను పనిలోకి తీసుకోవడానికే వెనకాడే యజమానులున్నారు. దినకూలీలకూ ఈ హక్కు ఉందని ఢిల్లీ మస్టర్ రోల్ కార్మికుల కేసులో సుప్రీంకోర్టు 2000లోనే చెప్పింది. శిశు సంరక్షణ గది విషయంలో ఒక తేడా గమనించండి: ఫ్యాక్టరీల చట్టం 30 మందికి మించి స్త్రీలుంటేనే గది పెట్టమంది, 2017 సవరణ 50 మంది ఉద్యోగులున్న సంస్థలను లెక్కలోకి తెచ్చింది, 2005 ఉపాధి హామీ చట్టం మాత్రం పనిచోట ఆరేళ్లలోపు పిల్లలు అయిదుగురుంటే చాలు, వాళ్లను చూసుకోవడానికి ఒక స్త్రీకి అదే కూలి ఇచ్చి పెట్టమంది. ఉద్యోగుల తలలు కాక పిల్లల తలలు లెక్కించిన చట్టం అది. తునికాకు కల్లంలో అయిదుగురు కాదు, యాభై మంది పిల్లలు ఎండలో తిరుగుతుంటారు.

మిరప చేల సంగతి మీకు నేను చెప్పనక్కర్లేదు. సిరొంచ, అహేరి వైపు నుంచి ముఠాలుగా నది దాటి ములుగు, భూపాలపల్లి, ఖమ్మం చేలకు వెళ్లే స్త్రీలు ఈ సభలోనే ఉన్నారు. సమాన వేతనం కోసం 1975లో ఆర్డినెన్స్, 1976లో చట్టం వచ్చాయి. ఒకే పనికి, ఒకే తరహా పనికి ఒకే వేతనమని అవి చెప్పాయి. చేలో మిరప ఏరడం ఆడపని, బస్తా మోయడం మగపని అని ముందే విడదీసి పెడితే ఆ చట్టానికి పోల్చడానికే ఏమీ మిగలదు. రోజంతా వంగి, మంటెక్కిన చేతులతో ఏరడం కంటే బస్తా ఎత్తడం ఎక్కువ నైపుణ్యమని ఎవరు తేల్చారు? వలస కార్మికుల కోసం 1979లో వచ్చిన చట్టం అయిదుగురు వలస కార్మికులున్న చోట వర్తించేది. కొత్త కోడ్ ఆ సంఖ్యను పదికి పెంచింది. చట్టం మాట అలా ఉండగా, 2020 ఏప్రిల్‌లో లాక్‌డౌన్ కాలంలో ములుగు మిరప చేల నుంచి ఛత్తీస్‌గఢ్‌లోని బీజాపూర్ జిల్లాకు నడిచి వెళ్తూ 12 ఏళ్ల ఆదివాసీ బాలిక ఇంటికి చేరువలో చనిపోయింది. బడిలో ఉండాల్సిన పిల్ల కూలీల లెక్కలోనూ లేదు.

అంగన్‌వాడీ అక్కల గురించి ఒక మాట చెప్పకుండా ఉండలేను. 1975లో మొదలైన పథకం ఇది. పిల్లలకు తిండి, చదువు, బాలింతల లెక్క, టీకాల లెక్క, ఎన్నికల పని అన్నీ వీళ్ల చేతుల మీదుగా నడుస్తాయి. ఇచ్చేది మాత్రం గౌరవ వేతనం. ఇంట్లో ఆడవాళ్లు ఊరికే చేసే పని కాబట్టి ప్రభుత్వం దగ్గర చేసినా సేవే అవుతుందన్న ఆలోచన దీని వెనుక ఉంది. 2024 కాల వినియోగ సర్వే ప్రకారం ఇంటిపని చేసే స్త్రీ రోజుకు సగటున 289 నిమిషాలు దానికే వెచ్చిస్తే, చేసే పురుషుడు 88 నిమిషాలు వెచ్చిస్తున్నాడు. 2021లో కీర్తి కేసులో జస్టిస్ ఎన్.వి. రమణ గృహిణి శ్రమకు విలువ కట్టడం ఆమె హుందాతనాన్ని గుర్తించడమని వివరంగా రాశారు. అంగన్‌వాడీ కార్యకర్తలకు, ఆయాలకు గ్రాట్యుటీ వర్తిస్తుందని 2022లో మణిబెన్ కేసులో సుప్రీంకోర్టు తీర్పిచ్చింది. అయిదేళ్లు పనిచేసి రిటైరైన అక్కలు, పని వదిలిన అక్కలు ఈ తీర్పు పేరు గుర్తుపెట్టుకుని దరఖాస్తు చేయాలి.

చివరిగా పనిచోట జరిగే హింస గురించి. ఒక ఆదివాసీ బాలికపై పోలీసులు అత్యాచారం చేశారన్న, దేశమంతా మథుర కేసుగా ఎరిగిన ఘటన 1972లో మన దేసాయిగంజ్ పోలీసు స్టేషన్‌లో జరిగింది. అప్పటికి గడ్చిరోలి జిల్లా లేదు, అంతా చంద్రపూర్ జిల్లాయే. ఆ ఆదివాసీ బాలిక ఇతరుల ఇంట్లో పనికి వెళ్లి బతికే కూలీ. నిందితులను సుప్రీంకోర్టు విడుదల చేశాక, 1979లో నలుగురు న్యాయశాస్త్ర అధ్యాపకులు రాసిన బహిరంగ లేఖ, దాని వెంట లేచిన స్త్రీల ఉద్యమం 1983లో అత్యాచార చట్టాన్ని మార్పించాయి. రాజస్థాన్‌లో భన్వరీ దేవి ప్రభుత్వ పథకంలో పని చేస్తూ బాల్యవివాహాన్ని అడ్డుకున్నందుకు 1992లో దాడికి గురైంది. ఆమె పోరాటం నుంచి 1997లో సుప్రీంకోర్టు ఇచ్చిన విశాఖ మార్గదర్శకాలు, పనిచోట లైంగిక వేధింపులను అరికట్టే 2013 చట్టం పుట్టాయి. ఆఫీసు ఉద్యోగినుల చట్టంగా ఇవాళ చాలామంది అనుకునే ఈ చట్టానికి మూలం ఒక పల్లె కార్యకర్త. అందులో కూలీల కోసం, ఇళ్లలో పనిచేసేవాళ్ల కోసం జిల్లా స్థాయి స్థానిక కమిటీ ఉంది. మన కమిటీ గడ్చిరోలిలో ఉంటుంది. సిరొంచ నుంచి 200 కిలోమీటర్ల పైమాట. ఒక రోజు కూలి, బస్సు చార్జీలు పోగొట్టుకుని, మరాఠీలో రాయించుకుని అక్కడికి ఎవరు వెళ్లగలరు? చట్టం 6వ సెక్షన్ దీనికి దారి చూపింది: ప్రతి తాలూకాలో ఒక నోడల్ అధికారిని నియమించాలి, ఆ అధికారి ఫిర్యాదు తీసుకుని 7 రోజుల్లో కమిటీకి పంపాలి. ఆ అధికారి పేరు, గది, ఫోన్ నంబరు తహసీలు కార్యాలయం గోడ మీద తెలుగులోనూ మరాఠీలోనూ రాయమని అడిగే హక్కు మీకుంది.

ఆకు కోత మొదలవకముందు జరిగే గ్రామసభలో నాలుగు విషయాలు పెట్టమని కోరుతున్నాను: కోసిన ప్రతి స్త్రీ పేరు మీద వేరుగా కార్డు, ఆమె ఖాతాలోనే డబ్బు, పక్కన పడేసిన కట్టలు ఎన్నో, ఎందుకో ఆమె కార్డులోనే రాయడం, కల్లం దగ్గర పిల్లలకు నీడ, నీళ్లు, చూసుకునే మనిషికి కూలి. గ్రామసభకు ఇవ్వాల్సిన తీర్మానం నమూనా, నోడల్ అధికారి కోసం తహసీల్దారుకు రాసే అర్జీ రెండు భాషల్లో రాసి తెచ్చాను. రాయడం రాని అక్కల దగ్గర విద్యార్థులు కూర్చుని ఇక్కడే నింపి పెడితే, రేపు అంగడికి వచ్చినప్పుడు అందరూ కలిసి వెళ్లి ఇచ్చి రసీదు తీసుకోవచ్చు. ఇక మీ ప్రశ్నలు అడగండి.